మేడ మీద స్టూడియో, కింద ఓనరమ్మ

థర్డ్ ఇయర్‌లో హాస్టల్ ఖాళీ చేసి నలుగురం కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ఇంట్లో చెప్పిన కారణం చదువు. అసలు కారణం పాటలు. ఒక గిటారు, ఒక కీబోర్డు, ఒక కహోన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేసు. ఇదీ మా స్టూడియో. మెస్ అన్నని బతిమాలి కోడిగుడ్ల అట్టలు మోపులు మోపులుగా తెచ్చి గోడలనిండా అంటించాం. ఇంక గది సౌండ్‌ప్రూఫ్ అయిపోయిందని గట్టిగా నమ్మాం. రెండో వారానికే కింది ఫ్లాట్‌లోంచి వాళ్ల సీలింగ్‌ని ఎవరో కర్రతో పొడుస్తున్న చప్పుడు మొదలైంది.

ఇన్ని అట్టలు పెట్టినా మా చప్పుడు కిందికి ఎలా పోతోందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో ఒక మనిషి తగిలాడు. పేరు జో మీక్. మనం ఇప్పుడు హోమ్ స్టూడియో అంటున్నామే, ఆ పనిని 1960లలోనే లండన్‌లో ఒక అద్దె ఇంట్లో చేసి, అక్కడ రికార్డు చేసిన పాటలని ఇంగ్లండులో మూడుసార్లు, అమెరికాలో ఒకసారి మొదటి స్థానానికి చేర్చినవాడు. అతని కింద కూడా కర్రతో సీలింగ్ పొడిచే ఒకావిడ ఉండేది. ఆ కథ మాత్రం మంచిగా ముగియలేదు. అందుకే రాస్తున్నాను.

జో మీక్ అసలు పేరు రాబర్ట్ జార్జ్ మీక్. 1929 ఏప్రిల్ 5న ఇంగ్లండు పడమటి వైపున, గ్లాస్టర్‌షైర్‌లోని న్యూయెంట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు తోటి మగపిల్లలతో ఆటలు తక్కువ. ఇంటి పెరట్లో ఒక షెడ్డు ఉండేది. పాత రేడియోలు, వైర్లు, వాల్వులు, గ్రామఫోను ముక్కలు అన్నీ అందులో పోగేసుకుని, విప్పుతూ బిగిస్తూ కూర్చునేవాడు. మన బ్రాంచిల్లో ఇలాంటివాడు ప్రతి బ్యాచికీ ఒకడుంటాడు కదా, క్లాసులో కనపడడు గానీ ల్యాబులో ఏది పాడైనా వాడినే పిలుస్తారు. అచ్చం ఆ రకం.

అప్పట్లో ఇంగ్లండులో కుర్రాళ్లందరూ కొంతకాలం సైన్యంలో పనిచెయ్యాలి. మీక్‌కి వైమానిక దళంలో రాడార్ టెక్నీషియన్ పని దొరికింది. ఎలక్ట్రానిక్స్ మీద ఉన్న ఇష్టానికి అక్కడ పద్ధతైన శిక్షణ తోడయింది. బయటికొచ్చాక కొంతకాలం మిడ్‌లాండ్స్ ఎలక్ట్రిసిటీ బోర్డులో చేశాడు. ఒక విషయం ఇక్కడే చెప్పుకోవాలి. అతనికి సంగీతం రాదు. స్వరాలు రాయడం, చదవడం తెలీదు. ఏ వాయిద్యమూ వాయించలేడు. కానీ ఒక శబ్దం తన తలలో ఎలా మోగుతోందో అలాగే బయటికి తేవాలనే పట్టుదల మాత్రం చివరిదాకా వదల్లేదు.

1950ల మధ్యలో లండన్ చేరి ఐబీసీ అనే స్టూడియోలో ఇంజనీరుగా కుదిరాడు. అప్పటి స్టూడియోల పద్ధతి వేరు. గదిలో వాయిద్యాలు ఎలా వినిపిస్తున్నాయో అలాగే, ఏమీ కలపకుండా, ఏమీ చెరపకుండా టేపు మీదికి ఎక్కించడమే ఇంజనీరు పని. మైకుని ఎంత దూరంలో పెట్టాలి, సిగ్నల్ మీటర్‌లో ముల్లు ఎక్కడ ఆగాలి, అన్నిటికీ రూల్సే. మీక్ ఈ రూల్సన్నీ దాటాడు. మైకుని వాయిద్యం దగ్గరికి, దాదాపు ఆనించినట్టు, జరిపేవాడు. చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని అణిచే కంప్రెషన్‌ని అవసరానికి మించి వాడేవాడు. 1956లో హంఫ్రీ లిటిల్టన్ అనే జాజ్ కళాకారుడి ‘బ్యాడ్ పెన్నీ బ్లూస్’ని ఇలాగే రికార్డు చేశాడు. పియానో ఎడమచేతి భాగం, డ్రమ్ము మీద బ్రష్షుల రాపిడి ఉన్నదానికంటే ముందుకొచ్చేశాయి. తన పాట ఇలా తయారవడం లిటిల్టన్‌కి మొదట నచ్చలేదు. పాట మాత్రం హిట్టయింది. ఆ తర్వాత లాన్స్‌డౌన్ అనే ఇంకో స్టూడియోకి మారాడు. అక్కడా పైవాళ్లతో పడలేదు. 1959 చివర్లో బయటికొచ్చేశాడు.

1960లో ట్రయంఫ్ అనే చిన్న రికార్డు కంపెనీ పెట్టడంలో భాగస్వామి అయ్యాడు. మైకేల్ కాక్స్ పాడిన ‘ఏంజెలా జోన్స్’ టాప్ టెన్‌లోకి వెళ్లింది కూడా. కానీ దుకాణాలవాళ్లు అడిగినన్ని రికార్డులు అచ్చొత్తి పంపే స్థోమత ఆ చిన్న కంపెనీకి లేకపోయింది. పాట హిట్టయినా సరుకు లేక నష్టపోవడం అంటే ఇదే. దాంతో మీక్ ఒక నిర్ణయానికొచ్చాడు. రికార్డులు అచ్చెయ్యడం, అమ్మడం పెద్ద కంపెనీల పని. పాటని పూర్తిగా తనే తయారుచేసి, ఆ టేపుని కంపెనీలకి ఇస్తాడు. దానికి తనదంటూ ఒక చోటు కావాలి. బొమ్మల వ్యాపారం చేసే మేజర్ బ్యాంక్స్ అనే ఆయన డబ్బు పెట్టాడు. ఆర్జీఎమ్ సౌండ్ అనే సంస్థ మొదలైంది. చోటు కూడా దొరికింది. ఉత్తర లండన్‌లో, 304 హాలోవే రోడ్డు.

ఈ అడ్రసే కథకి కీలకం. రోడ్డు మీదికి తోలు సామాన్ల కొట్టు. సూట్‌కేసులు, చేతి సంచులు అమ్ముతారు. కొట్టు పైన మూడు అంతస్తుల్లో మీక్ అద్దెకి దిగాడు. కొట్టు నడిపేదీ, అద్దె తీసుకునేదీ షెంటన్ దంపతులు. ఆవిడ పేరు వయొలెట్. మన భాషలో ఓనరమ్మ. ఇంటి ముందు హాలోవే రోడ్డు. లండన్ నుంచి ఉత్తరాదికి పోయే ముఖ్యమైన దారి అదే. పగలంతా బస్సులూ లారీలూ. స్టూడియోకి ఇంతకంటే చెడ్డ చోటు వెతికినా దొరకదు.

ఒక పడగ్గదిని స్టూడియో చేశాడు. గోడలకీ సీలింగుకీ శబ్దాన్ని పీల్చే పలకలు కొట్టించాడు, దళసరి తెర వేలాడదీశాడు. పక్క గది కంట్రోల్ రూమ్. అందులో నేలంతా వైర్లు, మొత్తం సొంత వైరింగే. మల్టీట్రాక్ అంటే ఇప్పుడు మనకి లాప్‌టాప్‌లో వందల ట్రాకులు. మీక్‌కి ఉన్నవి రెండు టేప్ రికార్డర్లు. ఒకదాంట్లో రికార్డు చేసింది వినిపిస్తూ, దాని మీద కొత్త వాయిద్యం కలిపి రెండోదాంట్లోకి ఎక్కించడం. మళ్లీ దాంట్లోంచి ఇందులోకి. ఇలా తిప్పిన ప్రతిసారీ టేపు బుస ఇంకొంచెం పెరుగుతుంది. వెనక్కి తీసుకోవడానికి లేదు.

1961లో జాన్ లేటన్ పాడిన ‘జానీ రిమెంబర్ మీ’ రికార్డింగు గురించి చదివితే నవ్వూ ఆశ్చర్యమూ రెండూ వస్తాయి. గాయకుడు ఒక చిన్న తెర వెనక. రిథమ్ వాయించేవాళ్లు అదే గదిలో. వయొలిన్లవాళ్లు మెట్ల మీద. కోరస్ పాడేవాళ్లు దాదాపు బాత్‌రూములో. బాకాలవాళ్లు ఏకంగా వేరే అంతస్తులో. ఒక గదిలో పట్టక కాదు, ఒక్కో చోటికి ఒక్కో రకం మోత ఉంటుందని. గట్టి గచ్చు, పింగాణీ పలకలు ఉన్న బాత్‌రూములో గొంతు ఖణేల్‌మంటుంది, మనందరం స్నానం చేస్తూ గొప్ప గాయకులమైపోవడానికి కారణం అదే. మెట్ల దగ్గర శబ్దం పైకీ కిందికీ పాకి సాగుతుంది. పెద్ద స్టూడియోలు ఇలాంటి మోత కోసం ప్రత్యేకంగా గదులు కట్టుకునేవి. మీక్ అద్దె ఇంటినే ఒక వాయిద్యం చేసేశాడు. పాటలో చనిపోయిన ప్రియురాలి ప్రస్తావన ఉందని బీబీసీ వెయ్యనంది. అయినా ఆ పాట ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్లింది.

తర్వాతి ఏడాది 1962. జులై 10న టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపారు. అట్లాంటిక్ సముద్రానికి ఆ వైపునుంచి ఈ వైపుకి టీవీ బొమ్మ రావడం అందరితోపాటు మీక్ కూడా చూశాడు. రాడార్ పనిచేసినవాడు, అంతరిక్షం అంటే ప్రాణం పెట్టేవాడు. అతని తలలో ఒక రాగం మోగింది. రాయడం రాదు కదా, కూనిరాగం తీస్తూ టేపు మీద పాడాడు. పాడేవాళ్ల గొంతు ఒక చోటా, వెనక మోగే సంగీతం ఇంకో చోటా పోయే అతని నమూనా టేపులంటే వాయించేవాళ్లకి ఒక పరీక్షే. టోర్నడోస్ అనే బృందం మధ్యలో వీలు చేసుకుని వచ్చి తమ భాగం వాయించి వెళ్లిపోయింది. మీద వినిపించే ఆ ముఖ్యమైన రాగాన్ని క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద జెఫ్ గొడార్డ్ వాయించాడు. ‘టెల్‌స్టార్’ ఇంగ్లండులో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. డిసెంబరులో అమెరికాలోనూ మొదటి స్థానం. ఒక బ్రిటిష్ బృందం అమెరికాలో ఆ చోటికి చేరడం అదే మొదలు. బీటిల్స్ అక్కడికి చేరడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. మనలో మ్యూజ్ వినేవాళ్లకి ఒక మాట. ఆ టోర్నడోస్‌లో గిటారు వాయించిన జార్జ్ బెల్లమీ కొడుకే మ్యూజ్ గాయకుడు మాట్ బెల్లమీ.

తోలు సామాన్ల కొట్టు పైన పడగ్గదిలో ఇదంతా జరిగింది. ఇప్పుడు ఆ పడగ్గది నేల కింద ఏం జరిగిందో చూద్దాం.

మీక్ గోడలకి కొట్టించిన పలకలైనా, మేం అంటించిన అట్టలైనా, ఇప్పుడు ఆన్‌లైన్లో అమ్మే నల్ల ఫోమైనా చేసే పని ఒకటే. గది లోపల శబ్దం గోడకి తగిలి వెనక్కి రాకుండా కొంత పీల్చడం. దానివల్ల రికార్డింగు శుభ్రంగా వస్తుంది. శబ్దం గది దాటి పోకుండా ఆపడం మాత్రం పూర్తిగా వేరే పని. ఈ రెండిటికీ ఒకే పేరు పెట్టుకోవడంలోనే మనం మోసపోతాం. శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి. గోడ బరువు రెట్టింపు చేస్తే తగ్గేది సుమారు 6 డెసిబెల్స్. చెవికి సగమైనట్టు అనిపించాలంటేనే సుమారు 10 కావాలి. రెండోది, గాలి దూరే సందు ఉండకూడదు. గోడ ఎంత మంచిదైనా, దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు కంత ఉంటే ఆ గోడ మొత్తం 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. తలుపు కింద సందు చాలు, పెట్టిన ఖర్చంతా దండగ. మూడోది, మందంగా ఉన్న శబ్దాల సంగతి. 5 సెంటీమీటర్ల ఫోము సుమారు 1700 హెర్ట్‌జ్‌కి పైనుండే సన్నటి శబ్దాలని బాగా పీలుస్తుంది. అరవై హెర్ట్‌జ్ దగ్గర మోగే పెద్ద డ్రమ్ము తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైమాటే. దానికి ఈ ఫోము ఉన్నా లేనట్టే.

ఇవన్నీ ఒక ఎత్తు, నేల ఒక ఎత్తు. కాలు నేల మీద తన్నితే శబ్దం గాల్లోంచి పోదు. నేలే కంపిస్తుంది. లండన్‌లో అలాంటి పాత మేడల్లో అంతస్తుకీ అంతస్తుకీ మధ్య చెక్క దూలాలు, పైన పలకలు, కింద గిలాబా సీలింగు, నడుమ బోలు. ఒకసారి ఊహించండి. అది డప్పు కాక ఇంకేంటి? పైన వాయించేవాడు మీక్. ఆ డప్పు లోపల కూర్చుని సంచులు అమ్ముకునేది షెంటన్ గారు.

దీనికి మందు లేకపోలేదు. నేల మీద రబ్బరో రాతి ఉన్నో పరిచి, దాని మీద గోడలకి తగలకుండా ఇంకో నేల వెయ్యాలి. పెద్ద స్టూడియోలు గదిలో గది కట్టేది అందుకే. కానీ అద్దె ఇంట్లో ఎవరు కడతారు? బరువు పెరిగితే దూలాలు ఒప్పుకోవు, ఓనర్లు అంతకన్నా ఒప్పుకోరు. రేపు ఖాళీ చేస్తే పెట్టిన డబ్బు గోడలతోపాటు అక్కడే ఉండిపోతుంది. అద్దెకుండేవాడి బాధ ప్రపంచమంతటా ఒకటే.

ఆవిడ మొదట్లో ఓర్చుకుంది. చప్పుడు మరీ మీరినప్పుడు చీపురు కర్రతో కింద నుంచి సీలింగ్‌ని పొడిచేది. వాళ్ల చీపుర్లకి నిలువెత్తు కర్ర ఉంటుంది కాబట్టి బాగానే అందేది. మీక్ ఏం చేశాడు? స్పీకర్లు తెచ్చి మెట్ల దగ్గర పెట్టి వాల్యూమ్ ఇంకా పెంచాడు. చదివినప్పుడు మా రూములో అందరం పగలబడి నవ్వాం. ఎందుకంటే ఆ ముందురోజే మా కహోన్ వాయించేవాడు సరిగ్గా అదే పని చేశాడు. కింద టక్ మన్న ప్రతిసారీ వీడు పైనుంచి తాళం కలిపాడు.

1964లో వచ్చిన హనీకూంబ్స్ పాట ‘హ్యావ్ ఐ ద రైట్’ దీనికి పరాకాష్ఠ. డ్రమ్ముల దెబ్బ ఇంకా బరువుగా కావాలనుకున్నాడు మీక్. బృందంలోవాళ్లని చెక్క మెట్ల మీద నిలబెట్టి తాళానికి తగ్గట్టు కాళ్లతో తన్నమన్నాడు. మెట్ల పిట్టగోడ కమ్మీలకి, సైకిల్ తొక్కేటప్పుడు ప్యాంటుకి పెట్టుకునే క్లిప్పులతో ఐదు మైకులు బిగించాడు. ఆ పాట కూడా మొదటి స్థానానికి వెళ్లింది. ఇప్పుడు విన్నా ఆ తొక్కుడు గుండెల మీద పడుతుంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి వినండి. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి, అదే తొక్కుడుని ఒక మధ్యాహ్నమంతా పదే పదే, టేకు మీద టేకు, నెత్తి మీద వింటున్నట్టు అనుకోండి.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. మీక్ జీవితంలో చెడిపోయింది ఓనరమ్మతో సంబంధం ఒక్కటే కాదు. ‘టెల్‌స్టార్’ రికార్డులు ప్రపంచమంతా కలిపి ఐదు మిలియన్ల దాకా అమ్ముడుపోయాయని అంచనా. ఆ డబ్బు అతని చేతికి రాలేదు. జాన్ లెడ్రూ అనే ఫ్రెంచి సంగీత దర్శకుడు, 1960లో వచ్చిన ‘ఆస్టర్‌లిట్జ్’ సినిమాకి తను చేసిన బాణీని మీక్ కాపీ కొట్టాడని కేసు వేశాడు. ఆ సినిమా అప్పటికి ఇంగ్లండులో విడుదలే కాలేదు. అయినా కేసు తేలేదాకా రాయల్టీ మొత్తం ఆగిపోయింది. ఏళ్లు గడిచాయి. కేసు తేలలేదు.

ఇంకో భారం ఇంతకన్నా పెద్దది. మీక్ స్వలింగ సంపర్కుడు. అప్పటి ఇంగ్లండు చట్టంలో అది నేరం. 1963లో పోలీసులు పట్టుకున్నారు, కోర్టు జరిమానా వేసింది, విషయం పేపర్లో వచ్చింది. ఆ తర్వాత బెదిరించి డబ్బు గుంజేవాళ్లు తగులుకున్నారు. నిద్ర పట్టడానికి ఒక మాత్ర, మేలుకోడానికి ఒక మాత్ర. బీటిల్స్ వచ్చాక సంగీతం గాలి మారింది. హిట్లు తగ్గాయి, అప్పులు పెరిగాయి, కోపం పెరిగింది. చేతికేది దొరికితే అది విసిరేవాడు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. పెద్ద కంపెనీలు తన స్టూడియోలో రహస్యంగా మైకులు పెట్టి, గోడల్లోంచి తన శబ్దాలని వింటున్నాయని మీక్ నమ్మడం మొదలుపెట్టాడు. తన చప్పుడు గోడ దాటిపోతోందన్న భయం అతనికి పగలూ రాత్రీ ఉండేది. దొంగలు వింటారేమోనని గోడలు తడుముకున్నాడు. నిజంగా వింటున్న మనిషి కింద ఉంది. రోజూ కర్రతో కొట్టి మరీ, నాకు వినబడుతోందయ్యా అని చెబుతూనే ఉంది. ఆ కబురు మాత్రం అతనికి చేరలేదు.

1967 ఫిబ్రవరి 3. ఆ రోజు అతని ఆరాధ్య గాయకుడు బడ్డీ హాలీ చనిపోయిన రోజు కూడా, ఎనిమిదేళ్ల కిందట. ఉదయం షెంటన్ గారు పైకి వచ్చారు. ఇంట్లో ఒక గాయకుడి వేట తుపాకీ ఉంది. మీక్ ఆవిడని కాల్చేశాడు, ఆ తర్వాత తననీ కాల్చుకున్నాడు. ఇద్దరూ పోయారు. అతని వయసు 37. ఆవిడ చేసిన తప్పల్లా పైకి రావడం.

ఆ తర్వాత జరిగినవి వరసగా చెబుతాను, వ్యాఖ్యానం అక్కర్లేదు. మూడు వారాలకి ‘టెల్‌స్టార్’ కేసులో తీర్పు మీక్ వైపే వచ్చింది. అదే ఏడాది జులైలో పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని ఇంగ్లండులో చట్టం మారింది. అతని స్టూడియోలో మిగిలిన టేపులని, టీ ఆకు పెట్టెల్లో సర్ది ఉంటే, క్లిఫ్ కూపర్ అనే కుర్రాడు కొనుక్కున్నాడు. అతని బృందం పాట కూడా మీక్ దగ్గర రికార్డయింది. గిటారు వాయించేవాళ్లకి తెలిసే ఉంటుంది, ఆరెంజ్ యాంప్లిఫయర్ల కంపెనీ పెట్టింది ఈ కూపరే. 67 పెట్టెలు, 1850కి పైగా టేపులు. దశాబ్దాలపాటు అలాగే ఉండి, 2020లో చెర్రీ రెడ్ అనే రికార్డు కంపెనీ చేతికొచ్చాయి. ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటీ బయటికొస్తున్నాయి.

మీక్ చేసిన పనుల్లో మనం రోజూ వాడనిది లేదు. మైకుని వాయిద్యానికి దగ్గరగా పెట్టడం, కంప్రెషన్‌ని రంగులా వాడడం, ఒక్కో భాగాన్ని విడివిడిగా రికార్డు చేసి పేర్చడం, ఇంట్లోనే పాట పూర్తిచెయ్యడం. డీప్ పర్పుల్‌లో గిటారు వాయించిన రిచీ బ్లాక్‌మోర్ కూడా కుర్రతనంలో ఆ హాలోవే రోడ్డు మెట్లెక్కి వాయించినవాడే. బ్రిటన్‌లోని సంగీత నిర్మాతల సంఘం కొత్త పద్ధతులు కనిపెట్టినవాళ్లకి ఇచ్చే అవార్డుకి మీక్ పేరు పెట్టుకుంది. 304 హాలోవే రోడ్డు గోడకి ఒక నల్ల ఫలకం ఉంది. అతను అక్కడ ఉన్నాడు, పనిచేశాడు, పోయాడు అని అందులో ఉంది. వయొలెట్ షెంటన్ కూడా ఆ ఇంట్లోనే పోయింది. ఫలకం మీద ఆవిడ పేరు లేదు.

అతన్ని రాక్షసుడని రాసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. చట్టం, కేసు, అప్పు, మాత్రలు, అన్నీ కలిసి ఒక మనిషిని ఒక గదిలోకి నెట్టి తలుపేశాయి. పక్కన కూర్చుని నీకేమైందిరా అని అడిగే మనిషి ఒక్కడుంటే బాగుండేది. కానీ పిచ్చి మేధావి అని పొగిడి వదిలేయడం కూడా సరి కాదు. శబ్దం గురించి ఆ కాలంలో అంత తెలిసినవాడు ఇంకొకడు లేడేమో. ఏ శబ్దం ఎక్కడ ఎలా మోగుతుందో అద్దె ఇంట్లో ప్రతి మూలా తెలుసు. మెట్ల మీద తన్నితే మైకులో ఎలా పడుతుందో తెలుసు. అదే తన్ను కింద ఎలా పడుతుందో ఒక్కసారి దిగి వినలేదు.

మా సంగతి చెప్పి ముగిస్తాను. ఇదంతా చదివిన ఆదివారం సాయంత్రం నలుగురం కలిసి కింది ఫ్లాట్‌కి వెళ్లి బెల్ కొట్టాం. తిడతారనుకున్నాం. తలుపు తీసిన ఆంటీ ముందు మంచినీళ్లిచ్చారు. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఉదయం తొమ్మిదింటికి వచ్చి పడుకుంటారు. అంటే మేం చాలా మర్యాదగా, రాత్రుళ్లు వాయించకూడదని పగలు పదకొండింటికి పెట్టుకున్న ప్రాక్టీసు ఆవిడకి అర్ధరాత్రి అన్నమాట. మా వాణ్ని పైకి పంపి కహోన్ వాయించమని, మేం ముగ్గురం ఆవిడ పడగ్గదిలో నిలబడి విన్నాం. గిటారు అసలు వినబడలేదు. పాట వినబడలేదు. ఒక్క దెబ్బ మాత్రం, ఎవరో తలుపు బాదుతున్నట్టు, నెత్తి మీద పడుతూనే ఉంది. ఎవరం నవ్వలేదు.

ఆంటీ డ్యూటీ చార్టు ఫొటో ఇప్పుడు మా గ్రూపులో పిన్ చేసి ఉంది. ఆవిడ లేని గంటలే మా రికార్డింగు గంటలు. పాత టెన్నిస్ బంతులు సగానికి కోసి, వాటి మీద ప్లైవుడ్ పలక వేసి, కహోన్‌నీ వాయించేవాణ్నీ దాని మీద కూర్చోబెట్టాం. బాస్ భాగం స్పీకరు లేకుండా నేరుగా ఇంటర్‌ఫేసులోకే పోతుంది. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేశాం. పూర్తిగా ఆగిందా అంటే లేదు, తగ్గింది. కోడిగుడ్ల అట్టలు వానాకాలంలో బొద్దింకలకి కాపురమైతే తీసి పారేశాం. ఇప్పుడు కిందనుంచి కర్ర చప్పుడు రావడం లేదు. ఎప్పుడైనా చప్పుడు మీరితే ఆంటీ ఫోన్ చేస్తారు. మేం ఎత్తుతాం.